బొటనవేలి ముందు ఖాళీ

తోలు కాదది. తోలులా కనబడాలని చూసే రెగ్జిను. ముసలాయన కుర్చీలో కూర్చోగానే సీటుని అరచేత్తో ఓసారి తడిమి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. ఈ ఆసుపత్రిలో ఏ వస్తువూ తిన్నగా అదే అయి ఉండదు, గోడలకి పిల్లలు చప్పరించే మిఠాయి రంగు, కిటికీకి తెరుచుకోని అద్దం, కుండీలో నీళ్ళడగని ప్లాస్టిక్ మొక్క, కుర్చీలేమో విడివిడిగా ఉన్నట్టే ఉండి కింద ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉన్నాయి, ఒకరు కదిలితే వరసంతా కదులుతుంది. ఎడమవైపు కూతురు మోకాలు ఆడిస్తోంది, ఆ ఊపు కడ్డీ మీదుగా వచ్చి ఆయన నడుములో గుచ్చుకుని, ఆయన్ని దాటి కుడివైపున్న అల్లుడి దాకా పోతోంది, మొగుడూ పెళ్ళాల మధ్య ఏడాదిగా రాకపోకలు సాగిస్తున్నది ఆ వణుకొక్కటే. మధ్యలో తాను. గట్టు. పొలాలు వేరుపడ్డాక మిగిలే గట్టుని ఇటువాడూ తొక్కుతాడు, అటువాడూ తొక్కుతాడు, ఎవడూ దాని మీద ఒక గింజ చల్లడు. కూతురికి అవతల, వరస చివర, పిచిక. పదమూడేళ్ళ మనవరాలు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఆయనే పెట్టిన ముద్దుపేరు, ఇవాళ ఆ ఇంట్లో తగువు లేకుండా పలికే పేరు అదొక్కటే, ఎందుకంటే తల్లి ఆ పిల్లని వాడంటుంది, తండ్రి అదంటాడు, బళ్ళో రాయించిన పేరు పెట్టి పిలిస్తే పిల్ల పలకదు. పిచికంటే మాత్రం ఆడదైనా మగదైనా పిచికే, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

తలుపు మూసే ఉంది. తలుపు వెనక డాక్టరమ్మ. ఇవాళ ఆవిడ ఒక్కొక్కర్నే లోపలికి పిలిచి మాట వింటుందట, కూతురి మాట అయింది, అల్లుడి మాట అయింది, ఇక ముసలాయన మాట మిగిలింది, ఆ పైన పిచికది. ఇంతా కలిపి ఒక ఇంజెక్షన్ కోసం. నేను ఆడపిల్లని కాదు, ఆడదానిలా ఎదగను అని పిచిక నోరు విడిచి చెప్పినప్పట్నుంచీ ఇంట్లో పొయ్యి మీద కంటే మాటల మీదే సెగ ఎక్కువ, ఒంట్లో రావలసిన మార్పుల్ని కొంతకాలం రాకుండా నిలిపి ఉంచే మందు ఉందని తల్లి కనుక్కొచ్చింది, నా ప్రాణం ఉండగా ఆ సూది దాన్ని తాకదని తండ్రి అన్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోతారు గనక బడి విడిచాక పిచిక ఉండేది తాత దగ్గర, అన్నం తినేది అక్కడ, పెరిగింది అక్కడ, అందుకని తాత ఏం చూశాడో చెప్పాలి. ఏం చూశాడు. ఏమీ చూడలేదు. చూసేవాడైతే చెప్పులు కుట్టే కొట్టు ఎందుకు మూసేస్తాడు.

పొద్దున గేటు దగ్గర రెండు గుంపులు. ఇటు గుంపు అట్టల మీద పిల్లల ఒళ్ళు పాడుచెయ్యొద్దని రాసుకొచ్చారు, అటు గుంపు అట్టల మీద పిల్లల ప్రాణాలు తీయొద్దని రాసుకొచ్చారు, రెండు గుంపుల మధ్యా ఒక పోలీసు మొక్కజొన్న పొత్తు తింటూ నిలబడ్డాడు, ముగ్గురిలో వాడొక్కడే పనికొచ్చే పని చేస్తున్నాడు. పిచిక తల దించుకుని నడుస్తోంది. కూతురు కడుపున పుట్టిన బిడ్డ అటు గుంపుదీ కాదు ఇటు గుంపుదీ కాదు, అయినా వీళ్ళకది జెండా. ఇటునుంచి ఒకావిడ ఆయన చేతిలో ఒక కాగితం కుక్కింది, అటునుంచి ఒక కుర్రాడు ఇంకో కాగితం కుక్కాడు, నునుపు కాగితాలు, ముసలాయన మూడో తరగతితో బడి మానేసిన మనిషి, కూడబలుక్కుని చదివితే రెండింటి మీదా మొదటి మాట ఒకటే, పిల్లల్ని కాపాడండి. ఎవర్నుంచిరా అనుకుని రెండూ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, పారేసేందుకు బుట్ట కనబడక. మీ పిల్లలు కాకపోతే కాపాడటం ఎంత తేలికో. ఊరి పెళ్ళికి కుక్కల హడావిడి.

డాక్టరమ్మంటే ఇంకా మంట. కిందటిసారి ఆవిడ మెత్తగా, జ్వరం వచ్చినవాడి నుదుటి మీద గుడ్డ వేసినట్టు మాట్లాడింది, ఆపి ఉంచడమే పెద్దాయనా, పిల్లకి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడం, వద్దనుకుంటే మానేయొచ్చు అంది. ఎముకల సంగతేమిటని అల్లుడు లేచాడు, రేపు మనసు మారితే ఏమిటన్నాడు, ఆవిడ దాచలేదు, కొన్ని మాకూ పూర్తిగా తెలియవండీ, ఇవ్వడంలోనూ నష్టం ఉండొచ్చు, ఇవ్వకపోవడంలోనూ ఉండొచ్చు, మా వాళ్ళలోనే దీని మీద వాదులాటలున్నాయి అంది. ఆ నిజం చెప్పినందుకే ముసలాయనకి ఆవిడ మీద అరికాలి మంట నెత్తికెక్కింది. అబద్ధమాడితే తిట్టుకుని లేచిపోయేవాడు. తెలియదంటే ఎక్కడికి పోతాడు. పూర్వం ఒక షావుకారు భార్య కొడుకుని తీసుకొచ్చింది, పాదాలు అందంగా సన్నగా ఉండాలి, రెండు వేళ్ళు బిగువుగా కుట్టు అంది, ఎంతైనా ఇస్తానంది. ఎదిగే పాదానికి బిగువు జోడు కుట్టనమ్మా అని ఆయన జోడు కుట్టే చెక్క అచ్చు తీసి గూట్లో పెట్టేశాడు, ఆ వీధిలో అందరూ పిచ్చాడన్నారు. పిల్లల జోడుకి బొటనవేలి ముందు బొటనవేలంత ఖాళీ వదలాలి, ఆయనకి పని నేర్పిన మేనమామ మొట్టికాయ వేసి మరీ చెప్పింది అదొక్కటే, మిగతావన్నీ తిట్టి చెప్పాడు. ఎదిగేదాన్ని ఎదగనివ్వాలి. పట్టి ఆపేదేమిటి. ఆ మాటే అల్లుడికి చెప్పాడు, చెప్పడమంటే అల్లుడు గంటసేపు చెప్తే చివర్న ఊఁ అన్నాడు. కూతురూ గంటసేపు చెప్పింది, దానికీ ఊఁ అన్నాడు, నోట్లో బీడీ ఉన్నట్టు ఆ ఊఁ ఒక్కటే ఆయన మాట, ఇప్పుడు ఇద్దరూ ఆ ఊఁ తమదంటే తమదని తగువు. అయితే లోపల మాత్రం ఊఁ అల్లుడిదే. మందొద్దు. పిల్ల పుస్తకాల్లోనో ఫోన్లోనో ఏదో చూసింది, నాలుగు రోజులు పోతే అదే చల్లారుతుంది.

అల్లుడు లేచాడు. బస్సు నడిపే మనిషి, ఎక్కడ కూర్చున్నా స్టీరింగు ముందు కూర్చున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపుతాడు. డ్యూటీ సంగతి ఫోన్ చేసొస్తానని లేచి, వంగి, భార్యకి వినబడకూడదన్నంత మెల్లిగా, వినబడి తీరాలన్నంత గట్టిగా చెప్పాడు. "గుర్తుందిగా మామయ్యా. అంతా పోయినేడు ఫోను కొన్నాకే మొదలైంది. అంతకుముందు ఏమీ లేదు. మీరేం అబద్ధమాడక్కర్లేదు, చూసింది చెప్పండి చాలు." కూతురు మోకాలు ఆగింది. "చూసింది చెప్పమనే నేనూ అంటున్నా. నీ ఒళ్ళోనే పెరిగాడు కదా నాన్నా, చిన్నప్పట్నుంచీ వాడలాగే ఉన్నాడని నీకు తెలీదూ?" అంది. ఊఁ అని ఆయన గోడవైపు చూశాడు.

తెలీదు. నిజంగానే తెలీదు. తెలిసిందల్లా జోళ్ళ సంగతి. ఏటా పిచిక పుట్టినరోజుకి ఒక జోడు కుట్టడం ఆయన పద్ధతి, కాగితం బద్దీ పాదం చుట్టూ తిప్పి గోటితో చిన్న చింపు చింపి గుర్తు పెట్టుకోవడం, చెక్క అచ్చు మీద ఆ యేడు పెరిగినంత మేర తోలు ముక్క అతికించడం, ఒకే అచ్చు ఏడాదికింత లావెక్కుతూ వచ్చింది పిల్లతోపాటు. ఒక యేడు కుట్టిన కొన్నాళ్ళకే జోడు తిరిగొచ్చింది. బిగువుగా ఉంది తాతా. విప్పి మళ్ళీ కుట్టాడు. మళ్ళీ యేడూ అదే. కొలిస్తే సరిపోయే జోడు తొడిగితే బిగువట, వేళ్ళు నొక్కుకుంటున్నాయట, పైగా బద్దీల చెప్పులొద్దు, తాళ్ళ బూట్లు కావాలంది, సరే ఈ కాలం పిల్లలంతే అనుకున్నాడు. మొదట కాగితం బద్దీని అనుమానించాడు, తర్వాత అచ్చుని, తర్వాత కళ్ళజోడుని, ఆఖరికి చేతిని. చెయ్యి పోయింది. ఎన్నో పాదాలు చూసిన చెయ్యి, సందు చివర మూటలు మోసే ఆసామి ఉండేవాడు, భుజాలు తలుపంత, మెడ ఎద్దు మెడ, పాదాలేమో పసిపిల్లవి, బజార్లో దొరికే మగ జోళ్ళు వాడికి పడవల్లా ఉండేవి, ఆయన కొట్టుకొచ్చి తలుపు దగ్గరికేసి మరీ కొలతిచ్చేవాడు, వాడికి కూడా వంక పెట్టలేని జోడు కుట్టిన చెయ్యి. ఇంటి పిల్ల పాదాన్ని కొలవలేనివాడు ఊరి పాదాలేం కొలుస్తాడు. పోయిన వానల్లో ఒకాయన ఆనెకాయ నొప్పికి జోడుని తిట్టిపోయాడు, అంతే, కొట్టు మూయడానికి అది వంక అయింది, తోలు కోసే రంపె నూనెగుడ్డలో చుట్టాడు, చిల్లులు పొడిచే ఆరె డబ్బాలో వేశాడు, తోలు చుట్టలు పక్క కొట్టువాడికి వచ్చినకాడికి ఇచ్చేశాడు. తలుపు వేస్తుంటే పిచిక అరుగు మీద కూర్చుని చూస్తోంది. ఏమిటి తాతా అనలేదు. ఎందుకు తాతా అనలేదు. ఆ యేడంతా ఆయన చేతులు ఒళ్ళో చచ్చిన కోళ్ళలా పడున్నాయి.

నర్సు వచ్చి పిచికని బళ్ళో పేరు పెట్టి పిలిచింది. పిచిక కదల్లేదు. నర్సు కాగితం చూసుకుని నాలిక కరుచుకుని, రామ్మా, కాదు, రా నాన్నా, ఎవరైనా రండి, బరువూ ఎత్తూ చూడాలి, బూట్లు విప్పేసి రండి అంది. ఎవరైనా రండి అన్నందుకు పిచిక మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. బూట్లు విప్పి తాత కుర్చీ కిందికి నెట్టి, తల్లి వెనకే వెళ్ళింది, మేజోళ్ళతో నడుస్తుంటే ఆ పాదాలెంత చిన్నవో. వరసలో ముసలాయన ఒక్కడే మిగిలాడు, కడ్డీ ఊగడం మానేసింది, కాళ్ళ దగ్గర తాను కుట్టిన ఆఖరి జోడు. ఎవరైనా పాలగిన్నె చూస్తే మూత ఎత్తి చూసినట్టు, చెప్పులు కుట్టినవాడు జోడు చూస్తే ఎత్తుకుని తిరగేస్తాడు. అడుగుతోలు మడమ దగ్గర అరిగింది, ముందు అరగలేదు. ముందు ఎందుకు అరగలేదు. వేలు అక్కడిదాకా పోనట్టు. చెయ్యి లోపల పెట్టాడు. లోపల, బొటనవేలి చోట, గట్టిగా, ముద్దగా, మనిషి ఒంట్లో చెయ్యిపెడితే గడ్డ తగిలినట్టు తగిలింది.

లాగితే వచ్చింది. తోలుముద్ద. పొర మీద పొర, సొల్యూషన్‌తో అతికించి, బూటు ముక్కు ఎలా ఉందో అలా గుండ్రంగా నునుపుగా తీర్చిన ముద్ద, అంచులు పలచగా చెక్కి ఉన్నాయి, అలా చెక్కకపోతే మేజోడుకి ఒరుసుకుంటుందని ఆయన రోజూ చేసి చూపించిన పనే, ఎవరికీ నేర్పుతున్నానని అనుకోకుండా. గోటితో పొరలు విడదీశాడు. పైపొర నల్లది, కొట్టు మూసే ముందు ఆఖరుగా కోసిన చుట్టలోది. దాని కింద గోధుమ రంగు, అంతకు ముందటి యేడు పోస్టుమాస్టరు బూట్ల తాలూకు. దాని కింద మందపాటిది, సంచి పట్టీలది, అది ఇంకా ముందుది. అన్నీ ఆయన బల్ల కింద రాలిన ముక్కలు, ఊడ్చి పారేస్తున్నానని ఆయన అనుకున్న ముక్కలు. అన్నిటికంటే కింద, బియ్యపుగింజ మందాన నలిగి చెమటకి నల్లబడి, అంచు దగ్గర మాత్రం ఇంకా ఎర్రగా, దానిమ్మ రంగు. ఆ రంగు తోలు ఆయన జన్మలో ఒక్కసారే కొన్నాడు. బళ్ళో పంతులమ్మ పెళ్ళికి, ఆవిడ చీర రంగుకి సరిపోవాలని, అణా పైసా చూసుకుని చిన్న ముక్కే కొన్నాడు. ఆ పంతులమ్మ పిచికకి నాలుగో తరగతి చెప్తున్న యేడే ఆ పెళ్ళి.

నాలుగో తరగతి. ఫోన్లేదు, గేటు దగ్గర గుంపుల్లేవు, డాక్టరమ్మ లేదు. పళ్ళు కూడా పూర్తిగా రాని పిల్ల, మగపిల్లల పాదం పెద్దదిగా ఉంటుందని ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో, బల్ల కింద దూరి ఎర్ర ముక్క ఏరుకుని బూటులో పెట్టుకుంది. ఆ ముక్క అక్కడుంటే జోడు బిగువు కాదూ మరి. బిగువుగా ఉంది తాతా అంటే నిజమే చెప్పింది. జోడు తిరగ్గొట్టేటప్పుడు ముద్ద తీసి ఎక్కడో దాచుకోవడం, పెద్ద జోడు రాగానే ఇంకో పొర అతికించడం, ఈయనేమో ఖాళీ బూటులో వేలు పెట్టి చూసుకుని చెయ్యి పోయిందని ఏడవడం. తన చెయ్యి పోలేదు. మొదట్నుంచీ సరిగ్గానే కొలిచింది. ఆ సంగతి తెలియగానే కోపమొచ్చింది, మామూలు కోపం కాదు, మూసిన కొట్టు మీద దుమ్మంతా లేచి గొంతులో పడ్డట్టు. నా చేతులు తీసుకెళ్ళి నీ బూటులో దాచావు కదే. చెప్పొచ్చు కదా, ఒక్క మాట. ఎవరికి చెప్తుంది, ఊఁ అనేవాడికా. ఆ ఆలోచన ఎక్కడ్నుంచి వచ్చిందో, ఈగలా తోలేశాడు, మళ్ళీ వచ్చి అక్కడే వాలింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పడింది. కాళ్ళలోనే పడింది.

పిచిక ఒక్కతే తిరిగొచ్చింది, తల్లి నర్సుతో ఏదో వాదిస్తూ ఆగిపోయినట్టుంది. తాత ఒళ్ళో ముద్ద చూసి ఆగింది. పరిగెడుతుందనుకున్నాడు, పరిగెట్టలేదు, వచ్చి పక్కన కూర్చుంది, కడ్డీ కొంచెం కదిలింది.

"నా చెయ్యి పోయిందనుకున్నాను" అన్నాడు.

"తెలుసు."

"కొట్టు మూసేస్తుంటే చూస్తూ కూర్చున్నావు."

"ఆ రోజు చెప్దామనే వచ్చా తాతా. నువ్వేమైనా అడుగుతావేమోనని చూశా. నువ్వు తాళం వేసుకుని లోపలికెళ్ళి పడుకున్నావు."

"అడిగితే చెప్పేదానివా?"

పిచిక మేజోడు పైకి లాక్కుంది. ఏమో అంది. ఆ ఏమోలో నటన లేదు. గేటు దగ్గర ఇటు గుంపులోనూ అటు గుంపులోనూ ఎవడి నోటా రాని మాట అది, తలుపు వెనక డాక్టరమ్మ ఒక్కతే అన్న మాట. ముసలాయనకి అదీ నచ్చలేదు. నచ్చకపోయినా విన్నాడు.

అల్లుడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చేసరికి, కూతురు ఎర్రబడ్డ మొహంతో వచ్చేసరికి, తలుపు తెరుచుకుని ఆయన్ని పిలిచారు. ముద్ద గుప్పిట్లో ఉంది. పది అడుగులు కూడా లేవు తలుపు దాకా, ఆ దారంతా రెండు వాదాలు. పారేస్తే సరి. పోయినేడన్నదానికి ఊఁ అంటే సరి, అల్లుడు గెలుస్తాడు, తనూ గెలుస్తాడు, తను కోరుకునేదీ అదే, పిల్ల ఒంట్లోకి ఆ సూది పోదు. ముద్ద బల్ల మీద పెడితే కూతురి మాట నెగ్గుతుంది, తనకిష్టం లేని మందుకి తనే తలుపు తీసినట్టవుతుంది. ఒక్క అబద్ధం. అబద్ధమైనా కాదు, ఒక ఊఁ. అయితే ఆ పోయినేడన్నది తప్పు కొలతని ఈయనకిప్పుడు అరిగిన జోళ్ళంత బాగా తెలుసు. తప్పు కొలత మీద కుడితే ఎంత మంచి తోలైనా దండగ. ఏడాదిపాటు తప్పు కొలత నమ్మి చేతులు చంపుకున్నవాడు ఇంకో తప్పు కొలత ఎలా ఇస్తాడు.

డాక్టరమ్మ కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, మెత్తగా అడిగింది. ఆయన కూర్చోలేదు. ముద్ద ఆవిడ కాగితాల మీద పెట్టాడు, అది అటూ ఇటూ ఊగి ఆగింది. ఆవిడకి అర్థం కాలేదు, అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన ఏడాదిలో మాట్లాడినన్ని మాటలు మాట్లాడవలసి వచ్చింది, ఎర్ర తోలు, పంతులమ్మ పెళ్ళి, తిరిగొచ్చిన జోళ్ళు. చెప్పి చెప్పి గొంతు ఎండింది గాని ఆవిడిచ్చిన నీళ్ళు ముట్టుకోలేదు.

"నాలుగో తరగతి నుంచి. పోయినేడని ఎవరు చెప్పినా కొట్టెయ్యండి. అట్లాగని మీ మందు నాకిష్టమనుకోకండి. నాకిష్టం లేదు. మీరూ మీ మెత్తటి మాటలూ నాకిష్టం లేదు. పిల్లనే అడగండి, నన్నడిగినట్టు కాదు, తాపీగా అడగండి, మేమెవరం అడగలేదు."

ఆవిడ ఏదో రాసుకుంది. ఇవాళ తేల్చేది కాదు, ఇంకా చాలా మాట్లాడాలి అంది. ఎన్నాళ్ళని ఆయన అడగలేదు. ముద్ద తీసుకుని బయటికొచ్చాడు. తలుపు సందులోంచి ఇద్దరూ విన్నారు. కూతురి మొహం ముడుచుకుంది, మందొద్దన్నందుకు. అల్లుడి మొహం మాడింది, నాలుగో తరగతన్నందుకు. ఇద్దరూ ఒకేసారి మొహం తిప్పుకున్నారు, ఏడాది తర్వాత మొగుడూ పెళ్ళాం కలిసి చేసిన పని అదొక్కటే, ముసలాయన మీద అలగడం. గట్టు తెగితే నీళ్ళెటు పోతాయో పోనీ.

ఆయన మోకాళ్ళు కూడదీసుకుని నేల మీద చతికిలబడ్డాడు, మిఠాయి రంగు గోడల మధ్య, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళ దగ్గర, కొట్టులో కూర్చున్నట్టే. జేబులో కాగితాలు తగిలాయి, పొద్దున గేటు దగ్గర చేతిలో కుక్కినవి, ఇటువాళ్ళదొకటి అటువాళ్ళదొకటి. నునుపు కాగితం, చిరుగు సరిగ్గా నిలుస్తుంది. నిలువునా బద్దీలుగా చింపాడు, ఎవరిది ఏదో ఇక తెలియదు. పిచిక పాదం పట్టుకుని తొడ మీద పెట్టుకుని, మేజోడు మీద బద్దీ చుట్టి, గోటితో చిన్న చింపు చింపాడు. ముందు బొటనవేలంత ఖాళీ వదిలాడు.

"ముద్దలొద్దు" అన్నాడు తలెత్తకుండా. "తాళ్ళ బూట్లే కుడతా. నీ పాదానికి ఎంతో అంతే. చిన్నదే."

పిచిక పాదం వెనక్కి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు.

"మూటలు మోసేవాడికి భుజాలు తలుపంత, పాదం మాత్రం ఇంతే ఉండేది" అన్నాడు.